కొనని షేర్ల లాభాలు

షేర్ మార్కెట్లో పైసా నష్టం రాకుండా ఉండాలంటే ఒకటే మార్గం. అతిగా ఆలోచించడం! నమ్మరా? అయితే మా వీధి పళ్ళ డాక్టరుగారి సంగతి వినండి.

ఎంత మొండి పన్నయినా ఇట్టే పీకేసే మనిషి. రోగి "ఆలోచించుకుని వస్తానండీ" అనేలోపే పన్ను పళ్లెంలో ఉండేది. అలాంటి చెయ్యి ఫోన్లో షేర్లు కొనే 'బై' బటన్ దగ్గరికి వచ్చేసరికి గాల్లో ఆగిపోయేది.

ఆయన కొనాలనుకున్నది తన క్లినిక్‌లోని కుర్చీ తయారుచేసే కంపెనీ షేరు. ఆ కుర్చీ ఏనాడూ కిర్రుమనలేదని ఆయనకు తెలుసు. రిసెప్షన్లో కూర్చునే భార్యకూ తెలుసు.

"కొనెయ్యండి. నాలుగు డబ్బులొస్తే సాయంత్రాలు క్లినిక్ మూసేసి అలా ఎక్కడికైనా వెళ్లొద్దాం" అందావిడ.

"తొందరపడితే ఎలా? స్టడీ చెయ్యాలి."

స్టడీ మొదలైంది. ధర పెరిగితే "కాస్త దిగనీ" అనేవారు. దిగితే "ఊరికే ఎందుకు దిగుతుంది? ఏదో ఉంది!" అనేవారు. కదలకుండా ఉంటే మరీ భయపడేవారు. ఒక నిపుణుడు కొనమంటే, వద్దనే నిపుణుడు దొరికేదాకా వీడియోలు వెతికేవారు. చివరికి నోరు తెరుచుకుని పడుకున్న రోగుల్ని కూడా "మీరేమంటారు?" అని అడిగేవారు. వాళ్లేమంటారు? "ఆఁ" అనేవారు. అది ఔనో కాదో తేల్చుకోవడానికి ఇంకో వారం!

ఇంతలో మార్కెట్ కుప్పకూలింది. బావమరిది మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"నిండా మునిగాను బావా! నీకెంత పోయింది?"

"నాకా? చిల్లిగవ్వ పోలేదు."

అంతే, డాక్టరుగారి పేరు మారుమోగిపోయింది. పంటినొప్పి లేనివాళ్లు కూడా అపాయింట్‌మెంట్ తీసుకుని సలహాకొచ్చారు. "ఆలోచించండి" అని చెప్పి పంపేవారు. ఇంతకన్నా భద్రమైన సలహా ఉంటుందా?

ఆ పొగడ్తల సందట్లో మార్కెట్ మెల్లగా లేచింది. కుర్చీ కంపెనీ షేరు ఎక్కడికో వెళ్లిపోయింది. అమ్ముదామన్నా కొనేవాడు లేక ఉంచేసుకున్న బావమరిది కూడా లాభాల్లో పడ్డాడు. డాక్టరుగారు చలించలేదు. "ఇంత పెరిగాక కొనడం రిస్కు" అని మళ్లీ స్టడీలో కూర్చున్నారు.

ఒక సాయంత్రం ఆయన చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి రిసెప్షన్లో భార్య సూట్‌కేసుకు తాళం వేస్తోంది.

"ఎక్కడికి?"

"అక్కతో సముద్రం చూడ్డానికి. ధర పడిపోయినప్పుడు నా జీతం డబ్బులతో ఆ షేర్లు కొన్ని కొన్నాలెండి."

"నాతో ఒక్కమాట చెప్పకుండానే?"

"చెప్తే కొననిచ్చేవాళ్లా?"

"పోనీ, నన్నూ రమ్మనొచ్చుగా!"

"అడిగానుగా, పోయిన నెల. ఆలోచించి చెప్తానన్నారు."

ఆవిడ మెట్లు దిగి కారెక్కింది. పరిగెత్తి ఆపాలా, ఇప్పుడు ఆపితే ఏమనుకుంటుందో అని గుమ్మంలో నిలబడి, కారు మలుపు తిరిగేదాకా డాక్టరుగారు అన్ని కోణాల్లోంచీ ఆలోచించారు.

చూశారా! ప్రయాణం ఖర్చు కూడా మిగిలింది.