కొత్త లైనుకి స్పీడ్ టెస్ట్

ఆ ఉదయం ఇంజనీరు గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య కంప్యూటర్లో ఒక బటన్ నొక్కుతుంది, ఆయన పక్కన నిలబడి మురిసిపోతారు. అంతే.

ఆయన విశ్వవిద్యాలయంలో నెట్‌వర్క్ చూసుకుంటారు. ఆవిడ అక్కడే నక్షత్రాల మీద పరిశోధన చేస్తుంది. టెలిస్కోపు తీసిన ఫొటోలు మామూలు ఇంటర్నెట్‌లో పంపితే వారాలు పడుతుంది కనక, ఇన్నేళ్లూ డిస్కులు సంచిలో వేసుకుని, పక్క ఊళ్లోని పెద్ద కంప్యూటరు దాకా రైల్లో మోసుకెళ్లేది. ఆవిడ నడుం నొప్పి చూడలేక ఆయన ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, పరిశోధనల కోసమే ఒక వేగమైన లైను వేయించారు. ఇవాళ దాని మీద తొలి ప్రయాణం. సాయంత్రంలోగా ఫొటోలు చేరకపోతే పెద్ద కంప్యూటరు వేరేవాళ్ల పాలవుతుంది. ఆవిడ వంతు మళ్లీ వచ్చే ఏడాదే.

"ఎందుకైనా మంచిది, నేను రైలెక్కనా?" అంది ఆవిడ.

"నా మీద ఆమాత్రం నమ్మకం లేదా?" ఆయన ముఖం చిన్నబోయింది.

"మీ మీద ఉందండీ, వైర్ల మీదే లేదు," అని నవ్వి, డిస్కులు ఇంట్లోనే వదిలేసి వచ్చి బటన్ నొక్కింది.

ఫొటోలు బయల్దేరాయి. ఇంజనీరు గారికి మాత్రం కాలు నిలవలేదు. తన గదిలోకి వెళ్లి స్పీడ్ టెస్ట్ పెట్టారు. అది ఉత్తుత్తి డేటాని లైన్లోకి కుమ్మరించి వేగం కొలుస్తుంది. దారికి అది అడ్డం రావడంతో ఫొటోలు నెమ్మదించాయి. ఆయనకి కంగారు పుట్టింది. వెంటనే, పెద్ద కంప్యూటరు చూసుకునే పక్క ఊరి ఇంజనీరుకి ఫోన్ చేశారు.

"బాబూ, లైను ఈడుస్తోంది. నువ్వూ ఓసారి టెస్ట్ పెట్టి చూడు."

"ఓసారేంటి సార్, ఆపకుండా పెడతా!"

అన్నంత పనీ చేశాడు. ఫొటోలు ఇంకా నెమ్మదించాయి. సంగతి డైరెక్టరు గారి చెవిన పడింది. "లైను నెమ్మదిగా ఉందట, అందరూ టెస్ట్ పెట్టి నాకు చెప్పండి," అని ఆయన అన్ని విభాగాలకూ పురమాయించారు. రసాయన శాస్త్రం వాళ్లు పెట్టారు, వాతావరణం వాళ్లు పెట్టారు, అసలా లైనుతో పనే లేని చరిత్ర వాళ్లు కూడా మాటపడకూడదని పెట్టారు. మధ్యాహ్నానికి ఫొటోలు ఎక్కడివక్కడే నిలిచిపోయాయి.

ఇంజనీరు గారు భార్య దగ్గరికెళ్లి తలవంచుకుని నిలబడ్డారు. "నీ ఏడాది పాడు చేశాను. ఇప్పుడు వెళ్దామన్నా రైలు లేదు."

ఆవిడ కంప్యూటరు వంక చూడలేదు, ఆయన వంకే చూసింది. "పోనిద్దురూ. నక్షత్రాలు ఎక్కడికీ పారిపోవు. నా నడుం కోసం ఇంత తిరిగారు, మీకోసం ఒక్క ఏడాది ఆగలేనా? పొద్దుట్నించీ ఏమీ తిన్నట్టు లేరు. రండి, టీ తాగుదాం."

ఆయన తన టెస్ట్ ఆపేసి, "ఇక లాభం లేదు, అందరూ ఆపేయండి," అని ఫోన్లు చేసి, క్యాంటీన్‌కి నడిచారు. టీ సగమైనా కాలేదు, ఆవిడ ఫోన్ మోగింది.

"మేడమ్, ఫొటోలన్నీ వచ్చేశాయి! ఇంత వేగం మేమెప్పుడూ చూళ్లేదు. ఏం చేశారు?" అంటున్నాడు పక్క ఊరి ఇంజనీరు.

ఇంజనీరు గారు కప్పు కిందపెట్టి నెత్తి కొట్టుకున్నారు. "అయ్యో, దారికి అడ్డం పడింది మనమేనే!" ఇది ఆయనకి తెలియని విషయం కాదు. వెళ్తున్నది భార్య పని కావడంతో బుర్ర పనిచేయలేదు. ఆవిడ పొలమారేదాకా నవ్వి, ఆయన చెయ్యి పట్టుకుంది.

ఇంతలో డైరెక్టరు గారు ఫోన్ చేశారు. "శభాష్! ఏం రిపేరు చేశారయ్యా?"

"టీ తాగామండీ," అన్నారు ఇంజనీరు గారు నిజాయితీగా.

మర్నాడే నెట్‌వర్క్ గదికి ఒక టీ కెటిల్ మంజూరైంది, అది సరిగ్గా పనిచేస్తోందో లేదో అన్ని విభాగాల వాళ్లూ రోజూ పరీక్షించాలన్న ఉత్తర్వుతో సహా.