నాగవ్వ బర్రె, వినీత మిషను

ఆదివారం పొద్దున విశ్వేశ్వర్ అనుకున్న పని చిన్నదే. కోడలు వినీత తలస్నానం ముగించి వచ్చేలోగా వంటింటి సింకు కింద విప్పిన పైపును మళ్లీ బిగించాలి. వికారాబాద్ నుంచి సర్వీసింగుకు మెకానిక్ బస్సెక్కాడని అప్పటికే ఫోనొచ్చింది.

సింకు కింద ఉన్నది తొక్కలు, మిగిలిన అన్నం మెత్తగా నలిపి నీళ్లతో మోరీలోకి పంపే మిషను. వినీత మొదటి జీతంతో కొని, "ఇగ చెత్తబుట్ట మోసుడు బంద్ అత్తమ్మా!" అని మురిసిపోయింది. అప్పటిదాకా బర్రెకు పోసే తొక్కలన్నీ మోరీ పాలయ్యేసరికి పక్కింటి నాగవ్వ బర్రెకు కుడితి కరువైంది. నాగవ్వ పోసే పాలు పలచబడ్డాయి. విశ్వేశ్వర్ భార్య పద్మమ్మ ఒక ఉపాయం ఆలోచించి, మొగుడి చేత పైపు విప్పించి మిషను కింద బకెట్టు పెట్టించింది. మెత్తటి కుడితికి బర్రె అలవాటు పడింది. పాలు చిక్కబడ్డాయి, నాగవ్వ పాలడబ్బా దారంతా కారడం కూడా మానింది. తెలియనిది వినీతకే. తెలిస్తే తన కానుకను తీసిపారేశారనుకుంటుందని విశ్వేశ్వర్‌కు గుబులు. ఆ పిల్ల కోపమొస్తే తిట్టదు, మాట్లాడడం మానేస్తుంది.

పైపు దొరికింది. నట్టు దొరికింది. నడుమ వేసే రబ్బరు రింగు లేదు.

"వాషర్ ఏడ వెట్టినవే?"

"వాషరంటే ఏందో నాకేం ఎరుక? నువ్వే విప్పితివి."

బకెట్టులో పడి ఉంటుందని విశ్వేశ్వర్‌కు తట్టింది. బకెట్టు ఇందాకే నాగవ్వ తీసుకుపోయింది. పైపును ఉత్తగా తగిలించి పక్కింటికి ఉరికాడు. అప్పటికే బర్రె గోలెం అడుగుదాకా నాకేసింది.

"నాగవ్వా, గింత నల్ల రబ్బరు రింగు సూసినవా?"

"నేను సూడలే సేటూ. అది సూసిందేమో అడుగు."

బర్రె నెమరు వేస్తోంది. నోట్లో ఏదో సాగుతున్నట్టే ఉంది. నాగవ్వ నవ్వు ఆగిపోయింది.

"అవ్వో! పాలిచ్చే బర్రె! రబ్బరు మింగిందా?" అని పశువుల డాక్టరుకు ఫోను కలిపింది.

అంతలో వంటింట్లో మిషను గుర్రుమంది. మెకానిక్ ముందు పరువు పోవద్దని వినీత ఐసు ముక్కలు, నిమ్మతొక్కలు వేసి మిషను కడగడం మొదలుపెట్టింది. విశ్వేశ్వర్ వచ్చేసరికి నేలంతా నీళ్లు. ఊరందరికీ నాపరాతి బండలమ్మిన మనిషి తన ఇంటి బండల మీదే జర్రున జారి కూలబడ్డాడు.

"మామయ్యా! దెబ్బ తాకిందా?" అంటూ లేపి, వినీత మెకానిక్‌కు ఫోను చేసింది. "ఏం మిషనన్నా గిది? నెల కాకముందే పైపు ఊడి కారుతుంది!"

"ఎవరో విప్పిండ్రు మేడం. దానంతట అది ఊడదు."

వినీత తిరిగి అత్తమామలను చూసింది.

"ఎలుకలు," అంది పద్మమ్మ.

"ఎలుకలు నట్టు విప్పుతయా అత్తమ్మా?"

"మనింట్లయి విప్పుతయ్."

విశ్వేశ్వర్ కాళ్ల దగ్గరి నిమ్మతొక్కను శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాడు. అప్పుడే నాగవ్వ పాలడబ్బాతో ఏడుస్తూ వచ్చింది. "పద్మక్కా! మీ మిషను కుడిదిల ఇంకా ఏమేం ఏసిండ్రో డాక్టరు అడుగుతుండు!"

"మిషను కుడిదా?" అంది వినీత మెల్లగా.

ఇక దాచేదేముంది? "నేనే విప్పిన బిడ్డా," అన్నాడు విశ్వేశ్వర్. "నీ మిషనుకు వంక పెట్టలే. బర్రె ఆకలి సూడలేకపోయినం."

వినీత మాట్లాడలేదు. ఆయన భయపడిన మౌనం అదే. తల వంచుకున్న ఆ పిల్ల చూపు నాగవ్వ చేతిలోని డబ్బా మీద పడింది. మూత చుట్టూ నల్ల రబ్బరు రింగు.

"గిది డబ్బాకు ఎట్లొచ్చింది?"

"పాలు కారుతున్నయని మూత గట్టిగ జేసిచ్చింది పద్మక్కనే," అంది నాగవ్వ.

పద్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "గిదేనా వాషరంటే?"

బర్రె ఏమీ మింగలేదని తెలిసి నాగవ్వ ఆ నీళ్లలోనే చతికిలబడి నవ్వింది. వినీత నవ్వు ఆపుకుందామని చూసింది గానీ, ఆమె వల్ల కాలేదు.

కాసేపటికి మెకానిక్ వచ్చి పైపు చేతిలోకి తీసుకున్నాడు. "మోరీకి వద్దన్నా," అంది వినీత. "గోడకు బొక్క గొట్టి సీదా నాగవ్వ గోలెంలకు వెయ్యి."

"కంపెనీ ఒప్పుకోదు మేడం."

"బర్రె ఒప్పుకుంది."

రింగు డబ్బా మూత నుంచి మళ్లీ మిషనుకే పోయింది. మరునాటి నుంచి నాగవ్వ పాలు చిక్కగానే వస్తున్నాయి, దారి పొడుగునా కారుకుంటూ.