పచ్చ చుక్క

ఉద్యోగిని బొత్తిగా నమ్మని మేనేజరు దొరకడం పూర్వజన్మ సుకృతం! నవ్వకండి. నాకు దొరికాడు కాబట్టే చెబుతున్నాను.

నేను వంతెనలు డిజైన్ చేస్తాను. ఇంటి నుంచే పని. కంప్యూటర్ తెర మీద నా పేరు పక్కన ఒక పచ్చ చుక్క వెలుగుతుంటుంది. మౌస్ కాసేపు కదలకపోతే చాలు, చుక్క రంగు మారిపోతుంది. వెంటనే మేనేజరు నుంచి ఫోన్: "ఏమండీ, ఉన్నారా?" కన్నతల్లి అయినా నన్ను ఇన్నిసార్లు అడిగిందా? ఒంటరితనం, ఒంటరితనం అని లోకమంతా గోల పెడుతోందే, మా ఆఫీసులో ఆ జబ్బే లేదు!

ఒకరోజు స్తంభం ఎక్కడ నిలబెట్టాలా అని కాగితం ముందు పెట్టుకుని బుర్ర గోక్కుంటున్నాను. ఫోన్ మోగింది.

"ఏం చేస్తున్నారు?"

"ఆలోచిస్తున్నానండీ."

"అది తర్వాత చూసుకుందురుగాని. ముందు పని చెయ్యండి!"

ఆలోచించకుండా వంతెన కట్టొచ్చని నాకు ఏ కాలేజీలోనైనా చెప్పారా?

అప్పుడు మా అమ్మాయి జడ రిబ్బన్‌తో మౌస్‌ని టేబుల్ ఫ్యాన్ మెడకు కట్టాను. ఫ్యాన్ తల ఎటు తిప్పితే మౌస్ అటు కదులుతుంది. చుక్క పచ్చగా, చల్లగా ఉంది. నేను పక్కగదిలో హాయిగా ఆలోచించుకుని వంతెనను గడువుకు ముందే పూర్తిచేశాను. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. చుక్క గురించి మాత్రం ఆన్‌లైన్ మీటింగులో అందరి ముందూ తెగ పొగిడారు. అంకితభావానికి నేను నిలువుటద్దమట! పక్కనున్న ఫ్యాన్ 'అబ్బే, అంత లేదు' అన్నట్టు తల అడ్డంగా ఊపింది.

ఇదే అదను అనుకుని అడిగాను. మా అమ్మాయి బడి నాటకంలో చెట్టు వేషం వేస్తోంది. ఉన్నది ఒకటే డైలాగు. ముందు వరసలో కూర్చుంటానని నా చేత ఒట్టు వేయించుకుంది.

"సార్, రేపు మధ్యాహ్నం ఒక్క గంట బయటికెళ్లొస్తాను. రాత్రికి మళ్లీ కూర్చుని..."

"మీరా! అందరికీ మిమ్మల్నే చూపిస్తున్నాను కదండీ. మీరే లేచి వెళ్తే ఎలా?"

చూశారా, నాకెంత గిరాకీయో!

వెళ్లాను. ముందు వరసలోనే కూర్చున్నాను. కదలకూడదని టీచర్ ఎంత చెప్పిందో ఏమో, నన్ను చూడగానే చెట్టు చెయ్యి ఊపేసింది. నా కడుపు నిండిపోయింది. కానీ పక్కవాళ్ల ఫోన్ మోగినప్పుడల్లా నా జేబు తడుముకున్నాను. పని అంతా అయిపోయినవాణ్ణి, కన్నకూతురి నాటకం దొంగలా చూశాను. అది మాత్రం బాధగానే ఉంది.

"ఆఫీసులో ఒప్పుకున్నారా నాన్నా?" అని దారిలో అడిగింది.

"లేదమ్మా. నా బదులు ఇంట్లో ఫ్యాన్ చూసుకుంటోంది."

మేనేజరు సరేనని ఒక్క మాట అని ఉంటే ఆ రాత్రి ఎంతసేపైనా కూర్చునేవాణ్ణి. ఆ సంగతి చెప్పబోతే విననైనా లేదు. ఇంటికొచ్చేసరికి చుక్క పచ్చగానే ఉంది. కొత్త వంతెన లెక్కలు బల్ల మీద ఎదురుచూస్తున్నాయి. వాటిని ఫ్యాన్ ముందుకు జరిపి, చెట్టుతో కలిసి భోజనం చేసి పడుకున్నాను. ఆఫీసు నమ్మింది దాన్నే కదా, మిగతాదీ అదే చూసుకుంటుంది!