మూడు సెకన్ల సంతృప్తి

ముందే ఒప్పేసుకుంటాను. మా అమ్మ చాలా సంతృప్తిగా ఉందని ప్రభుత్వానికి చెప్పింది నేను రాసిన యాప్.

"ప్రతి గడపా ఎక్కుతాం, ప్రతి గొంతూ వింటాం. అసంతృప్తి ఎక్కువున్న వీధికే కొత్త నీళ్ల పైపులైను," అని మంత్రిగారు ప్రకటించారు. మా మూడో అంతస్తుకి నీళ్లెక్కక ఆర్నెల్లయింది. వీధి చివరి కుళాయి నుంచి రోజుకి పన్నెండు బకెట్లు అమ్మే మోస్తోంది. ఇక పైపు మాకే ఖాయమనుకున్నాను.

సర్వే మా ప్రొఫెసర్ మేడంకి అప్పగించారు. ప్రశ్న విన్నాక జవాబిచ్చేలోపు మనిషి ఎంతసేపు ఆగుతాడన్నది ఆవిడ ఇరవై ఏళ్ల పరిశోధన. ఆ ఆగడాన్ని కొలిచే కోడ్ నాది. మొదటి రెండొందల ఇళ్ల డేటా చూపించి, 'మంత్రిగారి పనితీరుతో సంతృప్తిగా ఉన్నారా' అంటే ఎక్కువసేపు ఆలోచించినవాళ్లే 'లేదు' అంటున్నారని మేడం వివరించారు.

మంత్రిగారు సమస్య మూలం ఇట్టే పట్టేశారు. అంత చురుకుదనం నేను మా క్యాంపస్‌లో కూడా చూడలేదు.

"అయితే ఆలోచించనివ్వకండి."

"మౌనం కూడా ఒక జవాబే సార్," అన్నారు మేడం.

"మంచిది. ఆ జవాబు 'అవును' అని రాసుకోండి."

మూడు సెకన్లు దాటితే యాప్ తనంతట తానే 'సంతృప్తి' నొక్కేయాలన్నారు. మేడం సంతకం పెట్టనన్నారు. ఆవిడ స్థానంలోకి మంత్రిగారి బావమరిది వచ్చారు. ఆయన సభలకి కుర్చీలు అద్దెకిస్తారు, జనాన్ని లెక్కపెట్టిన అనుభవం ఉంది. తాళం వేసిన ఇళ్లు కూడా మూడు సెకన్లపాటు పలకలేదు కాబట్టి, వాటినీ సంతృప్తిలో కలిపేశారు.

కోడ్ మార్చింది నేనే. మా వీధివాళ్లకి తిట్టడానికి మూడు సెకన్లు ఎక్కువే అనుకున్నాను.

సర్వే అమ్మాయి వచ్చినప్పుడు అమ్మ బకెట్ కింద పెట్టి, చెంగుతో చెయ్యి తుడుచుకుని, "ఏం చెప్పమంటావమ్మా, అసలు పోయిన..." అని మొదలుపెట్టింది. ట్యాబ్ టింగుమంది.

"అయిపోయిందాంటీ. థాంక్యూ."

మొదటి రెండొందల ఇళ్లనీ మళ్లీ అడిగాక ఊరంతా సంతృప్తి అని తేలింది, ఒక్క ఇల్లు తప్ప. ఆ ఇంటావిడ "మంత్రిగారి పనితీరు" అనగానే, ప్రశ్న పూర్తికాకుండానే "లేదు" అన్నారట. అర సెకను కూడా పట్టలేదు. ఆవిడ మంత్రిగారి భార్య.

నిబంధన నిబంధనే. సొంత ఇల్లని కూడా చూడకుండా మంత్రిగారు పైపులైను ఆ వీధికే మంజూరు చేశారు. అది మా వీధి మీదుగా వెళ్తోంది. తవ్విన కాలువ మీద అడ్డంగా వేసిన చెక్క మీంచి అమ్మ బకెట్లతో దాటుతోంది.

మీ ఇంటికీ సర్వేవాళ్లు వచ్చే ఉంటారు. మీరేం చెప్పారో, వాళ్లేం రాసుకున్నారో నాకు రాయండి. మధ్యలో ఎవరూ ఆపరు.