గోపయ్య మీద గోపయ్య ఛార్జిషీటు

గనిలో యంత్రం చెడిపోతే మెకానిక్‌ని పిలవడం శుద్ధ దండగ! పిలవాల్సింది పర్సనాలిటీ డెవలప్‌మెంట్ ట్రైనర్‌ని. యంత్రాన్ని బాగుచేస్తే ఎన్నాళ్ళుంటుంది? మళ్ళీ చెడుతుంది. అదే మనిషిని బాగుచేశారనుకోండి, ఇక జన్మలో ఆ యంత్రం ఊసెత్తడు. నమ్మరా? అయితే గోపయ్య సంగతి వినండి.

ఖమ్మం జిల్లా అడవి అంచున ఉన్న ఒక బొగ్గుగనిలో గోపయ్యది ఇరవై ఆరేళ్ళ సర్వీసు. కార్మికుల్ని లోపలికి దింపే బండి చెడిపోయి రెండేళ్ళయింది. రోజూ రెండు కిలోమీటర్ల ఏటవాలు నడిచి దిగడం, షిఫ్టయ్యాక అదంతా ఎక్కడం! మోకాళ్ళు చెప్పుల కన్నా అధ్వాన్నంగా అరిగిపోయాయి. ఇంతలో పైన, తలదీపాలు ఇచ్చే ల్యాంపు రూములో ఒక సీటు ఖాళీ అయింది. హాయిగా కూర్చుని చేసే పని. శనివారంలోపు మేనేజరుకి అర్జీ ఇస్తే చాలు. కానీ మేనేజరు గది ముందు నిలబడితే గోపయ్యకు నాలుక పిడచకట్టుకుపోతుంది. ఇన్నేళ్ళలో ఆ తలుపు తోసిన పాపాన పోలేదు.

సరిగ్గా అప్పుడే, కార్మికులకు క్లాసు చెప్పడానికి కంపెనీ పిలిపించిన ట్రైనర్ హరిప్రసాద్ గారు హైదరాబాదు నుంచి ఊడిపడ్డారు. 2006 మే నెల ఎండల్లో కోటూ, టైయ్యీ! "మీ ఓటమికి మీరే కారణం! మీ జీవితానికి మేనేజర్ మీరే!" అని మైకు పగిలేలా అరిచి, అందరిచేతా చప్పట్లు కొట్టించి, బిర్యానీ పెట్టించి వెళ్ళారు.

మిగతావాళ్ళకు బిర్యానీ వంటబట్టింది. గోపయ్యకు మాట వంటబట్టింది.

పాపం, మేనేజరంటే అతను చూసింది ఒక్కణ్ణే కదా! అందుకని ఇంట్లో ముందుగదిలో బల్ల వేశాడు. కుర్చీ మీద తెల్ల తువ్వాలు పరిచాడు. టింగుమనే గంట కొన్నాడు. సోమవారం పది నిమిషాలు ఆలస్యంగా లేచినందుకు తన మీద తనే ఛార్జిషీటు జారీ చేసుకున్నాడు! సంజాయిషీ అడిగాడు. ఇచ్చాడు. సంతృప్తికరంగా లేదన్నాడు. ఎంక్వయిరీ వేశాడు. సాక్షి, భార్య సమ్మక్క.

"లేటుగనే లేసిండు సారూ. ఉన్నదున్నట్టు చెప్త, నాకేం భయం?" అందామె వంకాయలు తరుగుతూ. మొగుడి ఆట నాలుగు రోజుల్లో తీరిపోతుందని ఆమె నమ్మకం.

నేరం రుజువైంది. మూడు రోజులు చాయ్ బంద్! తలనొప్పితో చస్తూ కూడా గోపయ్య ఎంత పొంగిపోయాడో! జీవితం ఇంత కంట్రోల్లోకి ఎప్పుడైనా వచ్చిందా?

శుక్రవారం ల్యాంపు రూము కోసం అర్జీ రాశాడు. చెప్పులు విడిచి, సొంత ఇంటి గుమ్మం బయట గంటసేపు నిలబడ్డాడు. ఎందుకంటారా? మేనేజరుగారు బిజీ! తర్వాత లోపలికెళ్ళి, ఖాళీ కుర్చీకి దండం పెట్టి, కాగితం బల్ల మీద ఉంచాడు. చుట్టూ తిరిగి వెళ్ళి అదే కుర్చీలో కూర్చున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని చదివి, ఎర్ర సిరాతో రాశాడు: "ఉత్పత్తి అవసరాల దృష్ట్యా తిరస్కరించడమైనది."

సమ్మక్క కత్తిపీట పక్కకు నెట్టి లేచింది.

"ఏందయ్యా ఇది? గా సీటు కోసం ఇన్ని దినాలు మొత్తుకుంటివి గదా!"

"మేనేజరు సారు వద్దన్నడు. నేనేం జెయ్యాలె?"

"మేనేజరెవరు?"

"నేనే."

"మరి నువ్వే ఒప్పుకోరాదు!"

"గీ కుర్చీల కూసుంటే తెలుస్తది నీకు. అడిగినోనికల్ల ఇచ్చుకుంట పోతే గని నడుస్తదా?"

సమ్మక్కకు ఈసారి నవ్వు రాలేదు. రోజూ ఆ మోకాళ్ళకు నూనె రాసే చేతులు ఆమెవి. "రేపే ఆఖరు. గా కాగితం ఇటు తే, నేనే పోయి ఇచ్చొస్త," అంది చెయ్యి చాపి.

"ఒక్కసారి తిరస్కరించినంక మళ్ల పెట్టరాదు. రూల్సు!" అని గోపయ్య అర్జీని చింపి ముక్కలు చేశాడు.

శనివారం వచ్చింది, వెళ్ళింది. ల్యాంపు రూము సీటు ఇంకెవరికో వెళ్ళింది.

సోమవారం ఏటవాలులో సగం దూరం దిగి గోపయ్య కూలబడిపోయాడు. పక్కనే పట్టాల మీద ఆ బండి తుప్పుపట్టి ఉంది. తోటి కార్మికుడు లాల్‌సింగ్ చెయ్యిచ్చి లేపుతూ, "అన్నా, గీ బండి సంగతి అందరం కలిసి పోయి మేనేజరును అడుగుదామే," అన్నాడు.

గోపయ్య ఉలిక్కిపడ్డాడు. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, గొంతులో మాత్రం అధికారం పలికింది.

"గుంపుగ రాకండి. నాకు కోపమొస్తది!"

చూశారా, క్లాసు మహిమ! అసలు మేనేజరుగారంటారా? ఆయన ఊళ్ళో లేరండీ. నిన్న ఆదివారమే పదిహేను రోజులు సెలవు పెట్టి ఊటీ వెళ్ళారు. ఆయనకిప్పుడు ఇక్కడ పనేముంది?