ఎర్రకారు స్టీరింగుకి పట్టిన జబ్బు

ముదినేపల్లి దగ్గర చేపల చెరువుల మధ్య ఇల్లు కట్టుకున్న వెంకట్రాజు, అతని భార్య అచ్చాయమ్మ ఆ పొద్దున తాడేపల్లిగూడెం వెళ్ళాలి. అచ్చాయమ్మ తమ్ముడు ఉదయ్ కిరణ్ అక్కడ కొత్తిల్లు కట్టాడు, గృహప్రవేశం. పాలు పొంగించాల్సింది ఇంటి ఆడపడుచు, అంటే అచ్చాయమ్మే. ఇత్తడి గిన్నె తోమి తళతళలాడించి, పూతరేకులు డబ్బాకెత్తి, పట్టుచీర కట్టుకుని తెల్లారేసరికే గుమ్మంలో నిలబడింది. ఆవిడ ఆలోచన సుబ్బరంగా ఉంది. బస్సెక్కితే ఏలూరు, అక్కడ ఇంకో బస్సెక్కితే గూడెం.

ఈ మాట ఆవిడ రాత్రి చెప్పింది, పొద్దున లేచాక మళ్ళీ చెప్పింది. వెంకట్రాజు వినలేదు. వింటే వెంకట్రాజు ఎందుకవుతాడు? హైదరాబాదులో ఎవరో మోజు తీరి వదిలించుకున్న ఎర్రకారొకటి కిందటి నెలే కొన్నాడు. ఇద్దరే పట్టే కారు. గేర్లు చేత్తో వేసుకోవాలి, ఇంజను ముందుంటుంది, బండిని తోసేవి మాత్రం వెనక చక్రాలు. ఎత్తు మనిషి నడుం దాకా కూడా రాదు. ఎక్కాలంటే నూతిలోకి దిగినట్టు దిగాలి, బయటికి రావాలంటే ఇద్దరు పట్టి లాగాలి. తవుడు బస్తాలు మోసుకునే చెరువు గట్ల మీద దీంతో ఏం పనండీ అని అచ్చాయమ్మ అడిగితే, ఇది స్పోర్ట్స్ కారే అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషి ఆడిన ఆట పేకాటొక్కటే.

ఇంతకీ ఆ కారుకో జబ్బుంది. కాస్త వేగం అందుకుందంటే చాలు, ముక్కు అటొకసారీ ఇటొకసారీ విసురుతుంది. దూడ పగ్గం లాగినట్టు లాగుతుంది. వెంకట్రాజు స్టీరింగుని ఎంత బిగించి పట్టుకుంటే అది అంత రెచ్చిపోతుంది. అయినా బావమరిది ఊళ్ళో నలుగురూ ఆ కారు చూడకపోతే అన్నం సయించదు గనక, అందులోనే వెళ్ళాలని పట్టు పట్టాడు.

గట్టు దిగకముందే కారు రెండుసార్లు చెరువు వైపు తిరిగింది. పక్క చెరువు ఆసామి నాగేశ్వరరావు అక్కడే నిలబడి పళ్ళు తోముకుంటున్నాడు. అడిగినా అడక్కపోయినా సలహా ఇచ్చే మనిషి. ముఖం కడుక్కుని వచ్చి కారుని గట్టు మీద ఆ చివరి దాకా తోలి, తనూ నీళ్ళలో పడబోయి ఆగాడు. కిందికి దిగి, వైద్యుడు నాడి చూసినట్టు వెనక టైరు మీద చెయ్యేశాడు.

"ఏం లేదండి రాజుగారూ, వెనకాల బరువు లేదు. తోసేది వెనక చక్రాలైతే బరువక్కడే ఉండాలి కదండీ. రెండు బస్తాలు పడెయ్యండి, దారిలో పడుద్ది."

చేపల మేతకి తెచ్చిన తవుడు బస్తాలు రెండు సీట్ల వెనక కుక్కారు. అక్కడ ఉండాల్సిన పూతరేకుల డబ్బా, ఇత్తడి గిన్నె అచ్చాయమ్మ ఒళ్ళోకి వచ్చాయి. వెనక బరువు పడేసరికి ముందు చక్రాలు తేలిపోయాయి. అంతకుముందు పక్కలకి మాత్రమే ఊగిన కారు ఇప్పుడు ముక్కు పైకెత్తి మరీ ఊగింది.

కైకలూరు చేరేసరికి ఫోను మోగింది. ఉదయ్ కిరణ్ భార్య గీతాంజలి. ఆ అమ్మాయి గొంతులో తేనె ఉంటుంది, మాటలో ముల్లు ఉంటుంది.

"వదినగారూ, ఎంతవరకూ వచ్చారండీ? మీకు ఇబ్బందైతే కంగారు పడకండి. పాల దగ్గరికి మా అక్క ఉందిలెండి."

అచ్చాయమ్మకి గుండెలో రాయి పడింది. ఆ అక్క కుసుమ సంగతి ఆవిడకి తెలుసు. నిన్ననే దిగి, కొత్త చీర కట్టుకుని పొయ్యి పక్కనే తిష్ట వేసుంటుంది. ఇవాళ ఆ చేత్తో పాలు పొంగాయంటే, పుట్టింట్లో ఇక అచ్చాయమ్మది చుట్టపు చూపే. శుభలేఖ ఇచ్చి పిలుస్తారు, భోజనం పెట్టి పంపేస్తారు.

"వచ్చేస్తున్నానమ్మా, ఎవరినీ గిన్నె ముట్టుకోనివ్వకు" అని పెట్టేసి, ఇక్కడ దిగి బస్సెక్కేద్దామండీ అని మొగుణ్ణి బతిమాలింది. ఆయన అప్పటికే పంక్చర్ల షాపు ముందు కారు ఆపేశాడు.

పంక్చర్లు వేసే బెంజమిన్‌కి అనుభవమంతా ట్రాక్టర్లతోనే. కారు నడిపి చూడలేదు సరికదా, కూర్చున్న చోటు నుంచి లేవకుండానే జబ్బు కనిపెట్టాడు. బరువుండాల్సింది బస్తాల్లో కాదట, టైర్లలోనట.

"దమ్ము చేసే ట్రాక్టరు బురదలో తేలిపోకుండా టైర్లకి నీళ్ళు పడతాం కదండీ. ఇదీ అంతేనండి."

అదీ ఒక వైద్యమేనా అని అచ్చాయమ్మ అడిగితే, ఇద్దరు మగవాళ్ళూ జాలిగా నవ్వారు. వెనక టైర్లలో గొట్టం పెట్టి నీళ్ళు పట్టారు. కొల్లేటి రోడ్డెక్కాక ఆ నీళ్ళు లోపల ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ కొట్టుకుంటే, గూడబాతు నీళ్ళ మీద కదిలినట్టు కదిలింది కారు. ఒక కుదుపుకి వెనక బస్తా పిగిలింది. కిటికీ గాలికి తవుడు లేచి ఇద్దరి మీదా పడింది. పట్టుచీర రంగేమిటో అచ్చాయమ్మకే గుర్తు రాలేదు. వెంకట్రాజు కనుబొమ్మల మీద కూడా తవుడే. అయినా ఆ మనిషి, ఇందాకటి మీద కాస్త నయంగానే ఉంది చూశావా అన్నాడు.

ఏలూరులో లాల్ బాషా షాపు పెద్దది. అద్దాల గది, లోపల కంప్యూటరు. చక్రాలు తిన్నగా ఉన్నాయో లేవో అది చూసి చెబుతుంది. బాషా మొదట టైర్లలో నీళ్ళు తీయించాడు, బస్తాలు దింపించాడు. ఆ రెండు పనులూ చేసి ఊరుకుని ఉంటే అచ్చాయమ్మ ఆ మనిషికి దణ్ణం పెట్టేది. తర్వాత కారుని యంత్రం ఎక్కించాడు. అన్నీ తిన్నగానే ఉన్నాయని కంప్యూటరు చెప్పింది. వెంకట్రాజుకి అది తనని తిట్టినట్టే అనిపించింది. ఇంత దూరం వచ్చిన కారుకి జబ్బు లేదంటే ఎలాగని వాదనకి దిగాడు. వచ్చినాయన్ని ఉత్త చేతులతో పంపడం బాషాకీ ఇష్టం లేదు.

"పోనీ టైర్లు మారుద్దామండీ. ముందువి వెనక్కి, వెనకవి ముందుకి. ఏ కారుకైనా మంచిదేనండి."

ఈ కారుకి వెనక టైర్లు వెడల్పు, ముందువి సన్నం. ఆ తేడా ఎందుకు పెట్టారో ఒక్కరూ ఆలోచించలేదు. మార్చి బిగించాక కారు ముందు ఏనుగులా, వెనక ఎండ్రకాయలా తయారైంది. హైవే ఎక్కీ ఎక్కగానే తోక విసిరింది. లారీవాడొకడు పక్కనుంచి పోతూ ఏదో అన్నాడు. తవుడు చెవుల్లోకి కూడా వెళ్ళబట్టి సరిగ్గా వినబడలేదు.

గీతాంజలి మళ్ళీ ఫోను చేసింది. పంతులుగారు తొందరపడుతున్నారట, కుసుమ గిన్నె కడిగి పెట్టుకుందట. అచ్చాయమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగి చెంపల మీద తవుడు ముద్దయింది.

దెందులూరు దాటుతుంటే రోడ్డు పక్కన ఆంజనేయస్వామి గుడి వచ్చింది. వెంకట్రాజు అలవాటు ప్రకారం రెండు చేతులూ స్టీరింగు మీంచి తీసి దణ్ణం పెట్టుకున్నాడు. అచ్చాయమ్మ కళ్ళు మూసుకోబోయి మూసుకోలేదు. కారు ఊగలేదు. తాడు కట్టి లాగినట్టు తిన్నగా వెళ్ళింది. చేతులు మళ్ళీ స్టీరింగు మీదకి రాగానే తిక్క మొదలైంది.

ఆవిడ భీమడోలు దాటాక ఖాళీ రోడ్డు చూసి, కిటికీలోంచి వేలు చూపించింది.

"ఏవండీ, అమ్మవారి గుడి. దణ్ణం పెట్టుకోండి."

వెంకట్రాజు తలైనా తిప్పకుండా చేతులు జోడించాడు. కారు గీత గీసినట్టు వెళ్ళింది.

"అది ధాన్యం గోడౌనండి" అంది అచ్చాయమ్మ. "జబ్బు కారుకి కాదు, మీ చేతులకి."

విషయం అంతే. వెంకట్రాజు ఇరవయ్యేళ్ళు నడిపింది చెరువు జీపు. దాని స్టీరింగు జానెడు వదులు. అది తిన్నగా పోవాలంటే కుడికీ ఎడమకీ పిండి రుబ్బినట్టు తిప్పుతూనే ఉండాలి. నాగేశ్వరరావుకీ అలాంటి జీపే ఉంది. ఈ ఎర్రకారు వేలితో తాకితే తిరిగే రకం. దీన్నీ రుబ్బితే అది కుడి అంటే కుడికీ ఎడమ అంటే ఎడమకీ బుద్ధిగా తిరిగింది పాపం. చెప్పిన మాట వినడమే దాని జబ్బు.

వెంకట్రాజు కారు పక్కకి తీసి ఆపేశాడు. ముఖం కందగడ్డయింది.

"అంత తెలిస్తే నువ్వే పట్టుకో. నేను ముట్టుకుంటే ఒట్టు."

ఎగతాళికన్నాడు. అచ్చాయమ్మ పూతరేకుల డబ్బా పక్కకి నెట్టి, ఎడమ సీట్లోంచే చెయ్యి చాపి స్టీరింగు పట్టుకుంది. కాళ్ళ పని, గేర్ల పని ఆయనది. గేరు పడ్డాక చేతులు తెచ్చి ఒళ్ళో పెట్టుకుని మూతి ముడుచుకునేవాడు. ఆవిడ జన్మలో ఏ బండీ తోలలేదు గనక రుబ్బడం రాదు. ఊరికే పట్టుకుంది. కారు నోరెత్తకుండా గూడెం చేరింది.

కొత్తింటి గేటు దగ్గర గీతాంజలి ఎదురుచూస్తోంది. ఒళ్ళంతా తవుడుతో, రెండు చేతులూ ఒళ్ళో పడేసుకుని, మాటా పలుకూ లేకుండా అన్నయ్యగారు. ఆయన పక్కనుంచి వంగి కారు తిప్పుతున్న వదినగారు. ఆ అమ్మాయి చూసింది చూసినట్టు లోపలికి పరిగెత్తింది.

"ఏవండీ, అన్నయ్యగారికి చేతులు పడిపోయాయండి."

ఇల్లంతా గేటు దగ్గరికి వచ్చేసింది. అందరికంటే ముందు వచ్చింది కుసుమ. ఏదో ఆసుపత్రిలో నర్సుగా చేసిందట, రోగి కనపడితే ఆగలేదు. ఉదయ్ కిరణ్ ఇంకొకరి సాయంతో బావగారిని కారులోంచి లేవదీసి కుర్చీలో కూర్చోబెట్టాడు. కుసుమ ఆయన అరచేతులు పట్టుకుని రుద్దడం మొదలుపెట్టింది. లోపల పంతులుగారు, ముహూర్తం దాటిపోతోంది, పొయ్యి దగ్గర ఎవరూ లేరేమిటని కేకేశారు.

అచ్చాయమ్మ ఇత్తడి గిన్నె తీసుకుని జనం మధ్య నుంచి లోపలికి నడిచింది. పాలు పోసింది, పొయ్యి వెలిగించింది. నురగ తూర్పు వైపుకే పొంగింది.

చేతులు కడుక్కుని బయటికి వచ్చేసరికి తమ్ముడు అడుగుతున్నాడు.

"ఏమైంది బావగారూ? ఎప్పట్నుంచీ ఇలా?"

వెంకట్రాజు పెళ్ళాం వైపు చూశాడు. చుట్టూ నిలబడ్డ యాభైమంది వైపు చూశాడు. స్టీరింగు పట్టుకోవడం రాదని ఒప్పుకోవాలి, లేదా చేతులు పడిపోయాయని ఒప్పుకోవాలి.

"పొద్దుట్నుంచీ తిమ్మిర్లేనయ్యా" అన్నాడు నీరసంగా.

మధ్యాహ్నం పంక్తిలో పులిహోర, బూరెలు కుసుమే చెంచాతో తినిపించింది. ఆయన బుద్ధిగా నోరు తెరిచాడు.

టైర్లు ఎక్కడివక్కడ బిగించాక గేర్లు కూడా నేర్చుకున్న అచ్చాయమ్మ, వారానికోసారి ఎర్రకారులో వెంకట్రాజుని ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళి చేతులకి కరెంటు పెట్టించుకొస్తోంది.