భూతం సినిమాల వల్ల లాభాలు

ప్రజలారా! అణుబాంబు భయానికి శాంతి ర్యాలీలు పనికిరావు, శిఖరాగ్ర సమావేశాలు పనికిరావు. పనికొచ్చేది భూతం సినిమా ఒక్కటే! రేషన్ షాపులో బియ్యంతో పాటు మనిషికో టికెట్ ఇవ్వాలని డిమాండ్ చేస్తున్నాను.

నవ్వకండి. బాంబుకు ముఖముందా? ఎవరిని తిట్టాలి, దేన్ని కొట్టాలి? అందుకే తెలివైన దేశాలు ఆ భయానికి తోలు, తోక, కోరలు తగిలించాయి. సముద్రంలో బాంబు పరీక్ష చేస్తారు, అడుగున నిద్రపోతున్న పెద్ద బల్లి లేస్తుంది, వచ్చి నగరాన్ని నమిలేస్తుంది. ఇంటర్వెల్‌లో మనం సమోసా నములుతాం. క్లైమాక్స్‌లో భూతం చస్తుంది. బాంబులు మాత్రం గోదాముల్లో క్షేమంగా ఉంటాయి! ఇంతకంటే చవకైన వైద్యముందా?

ఇది నిరూపిద్దామని మొన్న మా మేనత్త కొమురవ్వను, ఆమె వాడకట్టు వాళ్లను ఆటోలో ఎక్కించి హుస్నాబాద్‌లో అలాంటి సినిమాకు తీసుకెళ్లాను. వాళ్ల ఊరి పక్కనే గ్రానైట్ క్వారీ. రోజూ మధ్యాహ్నం సైరన్ మోగుతుంది, ఆ వెంటనే బ్లాస్టింగ్. సైరన్ వినగానే ఊరంతా నెత్తిన తట్టలు బోర్లించుకుని బయటికొస్తుంది. బయటుంటే రాయి పడొచ్చు, లోపలుంటే పగిలిన గోడ పడొచ్చు. గోడ పెద్దది కాబట్టి బయటే నయమని వాళ్ల తీర్మానం. తన గోడ కూలేలా ఉంది, వచ్చి చూడండని కొమురవ్వ ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది. క్వారీకి పర్మిషన్ ఉందని చెప్పి పంపేస్తున్నారు.

తెరమీద బాంబు పరీక్షకు ముందు సైరన్ మోగింది. అంతే! మా వరుసంతా లేచి, చేతులు నెత్తిన పెట్టుకుని బయటికి నడిచింది. వెనకే పరుగెత్తాను. అందరూ పార్కింగ్‌లో, ఎండలో నిలబడి పేలుడు కోసం ఎదురుచూస్తున్నారు.

హాలు గేటు దగ్గర టికెట్లు చింపే బాబు మియా బిత్తరపోయాడు. "ఏమైందవ్వా? పిక్చర్ మంచిగలేదా?"

"సైరన్ అయింది గద బిడ్డా! నువ్వు గూడ జర ఇవతలికి రా, గా గోడ కింద నిలబడకు" అంది కొమురవ్వ.

నాకు నవ్వు రావాలి. రాలేదు. బాబు మియా కూడా వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

బతిమాలి లోపలికి తీసుకెళ్లేసరికి క్లైమాక్స్ నడుస్తోంది. విమానాలొచ్చాయి, సైన్యమొచ్చింది, మంత్రులే పరుగున వచ్చారు. భూతం చచ్చింది! హాలంతా చప్పట్లు. చూశారా, నా సిద్ధాంతం గెలిచింది!

కొమురవ్వ ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. "ఏందత్తా, నచ్చలేదా?" అన్నాను.

"గిన్ని ఇండ్లు కూలగొట్టిందని గింతమంది సార్లు ఉరికొచ్చి సంపిన్రు. పాపం, దానికి పర్మిషన్ లేనట్టుంది అల్లుడా!"